పొద్దుటి కాగితంలో చదవని వైపు

కిందటి భాగంలో, చప్పట్లు మోగుతుంటే నలుగురూ చూస్తారని తను కూడా చేతులు కలపక తప్పని చోట బుపేని వదిలిపెట్టాం. అది కసామా ఊళ్ళో చాంబేషి విత్తన రైతుల సమాఖ్య ఆఫీసు, శుక్రవారం మీటింగు. మేనేజర్ సింకాలా గారు లేచి నిలబడి, మూడు నెలల కిందట చిపాటా నుంచి బదిలీ మీద వచ్చిన టియామికే సోకోని తెగ మెచ్చుకున్నారు. ఆమె చేసిన ఘనకార్యమల్లా లేజర్ ప్రింటర్ సెట్టింగుల్లోకి వెళ్ళి, ఆన్ అయినప్పుడల్లా అది తనంతట తానే అచ్చువేసి బయటికి తోసే మొదటి కాగితాన్ని ఆపెయ్యడం. రోజుకు నాలుగైదుసార్లు కరెంటు పోయి వచ్చే ఊళ్ళో అన్ని కాగితాలు మిగలడం చిన్న విషయం కాదని ఆయన సంబరం. బుపేకి మాత్రం తల కొట్టేసినట్టయింది.

అంత బాధ ఎందుకంటే, ఆ కాగితం బుపేది. పదకొండేళ్ళ కిందట ఆఫీసులో హాజరు పుస్తకం అయిపోయింది. కొత్తది పంపమని లుసాకాలోని ప్రధాన కార్యాలయానికి రాస్తే ఉలుకూ పలుకూ లేదు. అప్పుడే రికార్డుల విభాగంలో చేరిన బుపే ఒక ఉపాయం చేసింది. పొద్దున స్విచ్ వేయగానే ప్రింటర్ లోంచి వచ్చే కాగితాన్ని తిరగేసి, ఖాళీగా ఉన్న రెండో వైపున తేదీ వేసి, పైన ఎనిమిది గంటలని రాసి, తొమ్మిదిమంది చేతా వరసగా సంతకాలు పెట్టించింది. కొత్త పుస్తకం ఈనాటికీ రాలేదు. ఆ కాగితమే హాజరుపట్టీ అయి కూర్చుంది. ముందు వైపున ఏవో గీతలు, అంకెలు, మిషను గొడవలు ఉండేవి. వాటితో బుపేకి పనిలేదు.

సంతకం ఒక్కటే అయితే ఇంత ఉండేది కాదు. బెంబా జాతివాళ్ళ ఊళ్ళో ఎవరూ ఊరికే వచ్చి సంతకం గీకి పోరు. ఎలా నిద్రపోయారు, పిల్లలెలా ఉన్నారు, మీ అత్తగారి దగ్గు తగ్గిందా అని అడగాలి, చెప్పాలి. పెద్దకూతురి పేరు మీద ఆఫీసంతా బుపేని 'బానా చిపాషా' అని, అంటే చిపాషా వాళ్ళమ్మ అని, పిలిచేది. ఎవరింట్లో జ్వరం వచ్చినా, ఎవరి కొడుక్కి సంబంధం కుదిరినా ఆమె బల్ల దగ్గరే మొదట తెలిసేది. గురువారాల్లో, భర్త కాలి పుండుకు కట్టు మార్పించడానికి ఆస్పత్రికి వెళ్ళి ఆమె ఆలస్యంగా వచ్చినా, ఆమె చేత్తో స్విచ్ వేసేదాకా సంతకాల కోసం అందరూ కాచుకునేవారు. ఆ సంగతి తలుచుకుని ఆమె లోలోపల మురిసిపోయేది.

ఇప్పుడు సోమవారం. గుమ్మం పక్కన టియామికే తెచ్చి పెట్టిన కొత్త నోటుపుస్తకం ఉంది, దానికి దారంతో కట్టిన పెన్ను ఉంది. వచ్చినవాళ్ళు వచ్చినట్టు అక్కడే సంతకం పెట్టి, అక్కడే నిలబడి మాట్లాడుకుని, ఎవరి కుర్చీలోకి వాళ్ళు వెళ్ళిపోతున్నారు. బుపే బల్ల ఆ గది చివర ఉంది. అక్కడిదాకా ఎవరూ రావడం లేదు.

పదకొండేళ్ళుగా ఆమె పక్కన కూర్చుని ఒకే సీసాలోంచి మున్కోయో అనే తియ్యటి జొన్నపానీయం తాగిన కసొండే కూడా గుమ్మం దగ్గరే ఆగిపోయింది. రాత్రి అమ్మని ఆస్పత్రిలో చేర్చామని టియామికేతో చెప్పి కళ్ళు తుడుచుకుంది. టియామికే ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఆ కబురు బుపే చెవిన పడేసరికి ఆఫీసులో ఏడుగురికి తెలిసిపోయింది. కసొండే వాళ్ళమ్మ కోసం బాధపడాల్సిన మనిషి, ఆ భుజం మీది చెయ్యిని చూసి కడుపు మండి కూర్చుంది. తనకే సిగ్గనిపించింది. అయినా మంట తగ్గలేదు.

దీనికి తోడు పర్యవేక్షకురాలి ఉద్యోగం ఒకటి ఉంది. ఎన్నాళ్ళనుంచో ఖాళీగా ఉన్న ఆ కుర్చీలో ఎవరిని కూర్చోబెట్టాలో తేల్చడానికి లుసాకా నుంచి పెద్దలు బుధవారం వస్తున్నారు. సింకాలా గారు ఎవరి పేరు రాసిస్తే వాళ్ళదే. మూడు నెలల కిందటిదాకా ఆ పేరు తనదేనని బుపేకి అనుమానం లేదు. శుక్రవారం చప్పట్ల తర్వాత ఆ ధీమా పోయింది.

అందుకే పొద్దున రాగానే ఒక పని చేసింది. అలమరలోంచి పదకొండేళ్ళ ఫైళ్ళూ దించి, దుమ్ము తుడిచి, మూడు విడతలుగా మోసుకెళ్ళి సింకాలా గారి బల్ల మీద పేర్చింది. తను చేరిన రోజునుంచీ ఒక్క కాగితం కూడా తప్పిపోలేదని, పెద్దలకి చూపించమని చెప్పింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని, ఇంత ఓపికగా దాచారా అని ఆశ్చర్యపోయి, భోజనం దగ్గర తీరిగ్గా చూస్తానన్నారు. ఆ ఒక్క మాటతో ఆమెకి సగం ప్రాణం లేచొచ్చింది.

మిగతా సగం ప్రింటర్ దగ్గర ఉంది.

పన్నెండున్నరకి అందరూ గేటు దగ్గర అమ్మే, దుంపలూ వేరుశనగలూ కలిపి ఉడికించిన చికండా కోసం బయటికి వెళ్ళాక, బుపే చుట్టూ చూసుకుని ప్రింటర్ ముందుకి వచ్చింది. అది సింకాలా గారి గది తలుపు పక్కనే, గోడ గడియారం కింద ఉంటుంది. ఎవరికీ తెలియని సంగతి ఒకటి ఇప్పుడు చెప్పాలి. ఆ మిషను గురించి బుపేకి అన్నీ తెలుసని ఆఫీసంతా నమ్ముతుంది గానీ, ఆమెకి తెలిసింది స్విచ్ వెయ్యడం, కాగితాలు పెట్టడం, ఇరుక్కుంటే తలుపు తీసి లాగడం. ఆ చిన్న అద్దంలో బాణం గుర్తులతో కదిలే మాటల జోలికి ఆమె ఎన్నడూ పోలేదు. ఎండోలాలో జిరాక్స్ కొట్టు నడిపే పినతల్లి కూతురికి ఆదివారం ఫోన్ చేసి, ఏ మీట తర్వాత ఏ మీట నొక్కాలో అడిగి, ఎడమ అరచేతిలో పెన్నుతో రాసుకొచ్చింది. ఆ రాతలో సగం చెమటకి అలికిపోయింది.

మెనూలోకి వెళ్ళింది. సెట్టింగులు వచ్చాయి. బాణం నొక్కింది, కాగితం సైజు వచ్చింది. మళ్ళీ నొక్కింది, భాష అడిగింది. అమ్మో అనుకుని వెనక్కి వచ్చింది. నాలుగోసారికి 'ప్రారంభ పేజీ' అని కనబడింది, దాని పక్కన 'ఆఫ్' అని ఉంది. ఆ రెండక్షరాలను చూస్తే బుపేకి టియామికే మొహమే కనిపించింది. మీట నొక్కి దాన్ని 'ఆన్' చేసింది.

"కోతి చెట్టెక్కాల్సింది పోయి మిషనెక్కిందేం?"

వెనక టియామికే నవ్వుతూ నిలబడి ఉంది. చేతిలో ఆకులో చుట్టిన చికండా ముక్కలు ఉన్నాయి.

ఆ మాటకి ఎవరూ కోపం తెచ్చుకోకూడదు. బుపే బెంబా, టియామికే ఙ్గోనీ. తాతలనాడు ఈ రెండు జాతులూ కొట్టుకుని, తర్వాత చుట్టాలయ్యాయి. అప్పటినుంచీ ఒకళ్ళనొకళ్ళు ఎంత మాటన్నా అనుకోవచ్చు. దాన్ని చింబుయా అంటారు. బెంబాలు కోతుల్ని తింటారని ఙ్గోనీలు, ఙ్గోనీలు ఎలుకల్ని తింటారని బెంబాలు వెక్కిరించుకుంటారు. తిట్టినకొద్దీ దగ్గరితనం. మర్యాదగా మాట్లాడితేనే అనుమానించాలి, బంధం తెగిందని దానర్థం.

మూడు నెలలుగా బుపేని చంపుతున్నది ఇదే. కడుపులో ఉన్న విషమంతా కక్కినా, అవతలి మనిషి పకపకా నవ్వి, ఇంకా ఏమైనా ఉన్నాయా అని అడుగుతుంది. తిట్టి కూడా తిట్టిన సుఖం లేదు.

"ఎలుకల పిల్లా, నువ్వొచ్చిన రోజే నీ కన్నం మూసెయ్యాల్సింది," అంది బుపే.

"మూస్తే ఇంకోవైపు తవ్వుకుంటాం. మాకదే పని." టియామికే దగ్గరికొచ్చి ఆకు విప్పింది. "తిను. కోతిమాంసం కాదులే, భయపడకు."

"నా పని లాక్కున్నావు. నా స్నేహితురాల్ని లాక్కున్నావు. ఇప్పుడు నా కుర్చీ కూడా లాక్కుంటావు. నిన్ను చూస్తే నాకు కళ్ళలో కారం పోసుకున్నట్టుంది, తెలుసా?"

టియామికే నవ్వింది. తల వెనక్కి వాల్చి, నిజంగా బాగుందన్నట్టు నవ్వింది. "ఇది మాత్రం కొత్తది. మా అమ్మకి ఫోన్ చేసి చెప్పాలి."

ఇక మిగిలిన దారి ఒక్కటే. బుపే నడుముకి చుట్టుకున్న చిటెంగే గుడ్డ సవరించుకుని, నిటారుగా నిలబడి, పెద్దింటివాళ్ళతో మాట్లాడే గొంతుతో అంది. "టియామికే గారూ, మీరు దయచేసి ఇక్కడినుంచి వెళ్ళండి. నాకు పని ఉంది."

నవ్వు ఆగిపోయింది. టియామికే ఆ మాట మళ్ళీ విన్నట్టుగా ఒక్క క్షణం చూసి, చికండా ఆకును కిటికీ గట్టు మీద పెట్టింది.

"అంటే ఇన్నాళ్ళూ అన్నవన్నీ నిజంగా అన్నవేనా?"

బుపే మిషను వైపు తిరిగింది. స్విచ్ ఆపి మళ్ళీ వేసింది. మిషను గుర్రుమని వేడెక్కి, పొద్దుటి కాగితాన్ని బయటికి వదిలింది. నాలుగు రోజుల తర్వాత చూసిన ఆ కాగితాన్ని ఆమె అలవాటు ప్రకారం తిరగేసి, ఖాళీ వైపున అరచెయ్యి ఆనించింది. వెచ్చగా ఉంది. గెలిచాననిపించింది.

"ఒకసారి ఆ కాగితం ముందు వైపు చూడండి, బానా చిపాషా," అంది టియామికే మెల్లగా. "కింద కుడి మూల."

చూడకూడదనుకుంటూనే చూసింది. గీతల కింద, చిన్న అక్షరాల్లో, ఆ రోజు తేదీ, పక్కన పన్నెండు గంటల యాభై రెండు నిమిషాలని ఉంది.

ఆన్ అయిన ప్రతిసారీ అది టైము అచ్చు వేస్తుందని టియామికే చెప్పింది. తను వచ్చిన రెండో నెలలో ఒకసారి టోనర్ ఎంతుందో చూద్దామని పాత కాగితం ఒకటి తీస్తే కనబడిందట. ముందు వైపు తొమ్మిదీ ఇరవై, వెనక వైపు బుపే చేతిరాతలో ఎనిమిది. ఇంకోటి తీసింది, అదీ అంతే. రెండూ గురువారాలే. కరెంటు లేని పొద్దుల్లో కూడా కాగితం పదికో పదకొండుకో వచ్చి ఉంటుంది, అవి నిజంగా ఎనిమిదికి వచ్చిన రోజులే కావచ్చు. కానీ ఏది కరెంటు లేని రోజో, ఏది ఆస్పత్రి రోజో ఇప్పుడు ఎవరు తేలుస్తారు? దొంగ హాజరు రాయడం మీద లుసాకావాళ్ళు ఈ మధ్య ఎంత కటువుగా ఉన్నారో అందరికీ తెలుసు. చిపాటాలో టియామికే కళ్ళముందే ఒక మనిషి ఉద్యోగం అలాగే పోయింది.

"కాగితాలు ఆదా అని మీటింగులో చెప్పింది ఉత్తిదే," అంది. "ఈ కాగితం రావడం ఆగి, వేరే పుస్తకం మొదలైతే, పాతవాటిని ఎవరూ ముట్టుకోరనుకున్నాను. మీతో ముందే చెబితే చిన్నబుచ్చుకుంటారని ఊరుకున్నాను. ఆ ఫైళ్ళు మాత్రం బుధవారం దాటేదాకా ఎవరి కంటా పడనివ్వకండి."

బుపే తల తిప్పి అలమర వైపు చూసింది. పదకొండు ఫైళ్ళు ఉండాల్సిన అర ఖాళీగా ఉంది. టియామికే కూడా అటే చూసింది.

"ఎక్కడున్నాయి?"

"పొద్దున సార్‌కి ఇచ్చాను," అంది బుపే.

ఇలాంటప్పుడు మనిషికి కృతజ్ఞత కలగాలి. బుపేకి కలగలేదు. ఉన్నదున్నట్టు చెప్పుకోవాలంటే, ముందు కలిగింది అసూయే. తన తప్పును కూడా తనకంటే ముందు ఈవిడే చదివింది. చదివి, దాచి, జాలిపడింది. పదకొండేళ్ళు ఆ కాగితాన్ని తాకిన చెయ్యి తనదైతే, చదివిన కళ్ళు ఈమెవి. ఈ ఆఫీసులో ఇక తనకంటూ మిగిలింది ఏముంది?

పక్క తలుపు తెరుచుకుంది. సింకాలా గారు చేతిలో ఒక కాగితంతో గుమ్మంలో నిలబడ్డారు. అదే వేళకి భోజనం ముగించుకుని కసొండే కూడా లోపలికి వచ్చింది.

"బానా చిపాషా, అన్నిటికంటే పైనున్న ఫైలే తీశాను," అన్నారాయన. మనిషి అరిచే రకం కాదు. "పోయిన నెల గురువారంది. ఈ వైపు ఎనిమిది, ఆ వైపు తొమ్మిదీ ఇరవయ్యారు. మూడో సంతకం నాది. ఏమిటిది?"

నిజం చెప్పడానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. భర్త కాలు సంగతి ఆయనకీ తెలుసు. ఆ గురువారాలన్నీ ఆయన కూడా కాచుకుని, ఏమీ అడక్కుండా సంతకం పెట్టినవాడే. కానీ పక్కన టియామికే నిలబడి ఉంది. ఆమె ముందు తలవంచి ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే కుర్చీ ఆమెది, మంచితనమూ ఆమెదే. బుపే నోరు ఆమె మనసుకంటే ముందు కదిలింది.

"ఆ మిషను గడియారం తప్పు సార్. టియామికే వచ్చి సెట్టింగులు కెలికిన దగ్గర్నుంచీ అంతే. నాకు తెలిసి టైము కూడా ఆమే మార్చింది."

కసొండే ఫక్కున నవ్వింది. "మళ్ళీ మొదలెట్టారా మీ కోతి, ఎలుకల గోల?"

సింకాలా గారి పెదవుల మీద కూడా చిన్న నవ్వు వచ్చి ఆగింది. "చింబుయానా, నిజమా? బుధవారం నేను రాసి ఇవ్వాలి. ఏదో ఒకటి ఇప్పుడే చెప్పండి."

టియామికే బుపే వైపు చూసింది. కోపంగా కాదు. ఒక్క అడుగు ముందుకేసి, "మావి ఎప్పుడూ ఉండేవే కదా సార్," అంది. బుపే తప్పించుకోవడానికి ఒక దారి తెరిచింది. బుపే అవునని తల ఊపితే చాలు, ఆ మాట వేళాకోళం కింద కొట్టుకుపోయేది. ఆ సాయాన్నే బుపే తట్టుకోలేకపోయింది.

"వేళాకోళం కాదు సార్," అంది. "నిజమే."

అప్పుడు కరెంటు పోయింది. పంకా మెల్లగా ఆగింది. నిమిషమో రెండు నిమిషాలో గడిచాక దీపం వెలిగింది, పంకా తిరిగింది, ప్రింటర్ గుర్రుమంది. కాసేపటి కిందట బుపే తన చేత్తో ఆన్ చేసిన ఆ కాగితం, ఎవరూ అడక్కుండానే, మెల్లగా బయటికి వచ్చింది.

సింకాలా గారు దాన్ని తీసుకున్నారు. కింద కుడి మూల చూశారు. తలెత్తి గోడ గడియారం చూశారు. తన చేతి గడియారం చూసుకున్నారు. ఒంటిగంటా ఆరు నిమిషాలు. మూడు చోట్లా ఒకటే.

"మొదటి రోజుల ఫైళ్ళు కూడా నా బల్ల మీదే ఉన్నాయి," అన్నారు చివరికి. "టియామికే ఇక్కడికి రాకముందువి. మిషను గడియారం అప్పుడెలా నడిచేదో అవి చెబుతాయి." కొత్త కాగితాన్ని బుపే చేతిలో పెట్టి, టియామికే వైపు తిరిగారు. "మీరు లోపలికి రండి. మీరొక్కరే."

తలుపు మూసుకుంది. ఏదైనా తేల్చాల్సి వచ్చినప్పుడు పదకొండేళ్ళుగా ఆ గదిలోకి పిలుపు వచ్చింది బుపేకే. ఇప్పుడు ఆమె బయట నిలబడి, వెచ్చటి కాగితం పట్టుకుని, చెవులు రిక్కించింది. లోపల సింకాలా గారి గొంతు వినబడింది, తర్వాత టియామికేది, చాలాసేపు. మాటలు తెలియలేదు. చెప్పాలనుకుంటే టియామికే దగ్గర చెప్పడానికి చాలానే ఉంది. గురువారాలు ఉన్నాయి, చేతిరాత ఉంది, ఇప్పుడే నాలుగు చెవులు విన్న అబద్ధం ఉంది.

కసొండే ఆమె దగ్గరికి రాలేదు. కిటికీ గట్టు మీద చికండా ఆకు విప్పినట్టే ఉంది, దాని మీద ఈగ వాలింది. ఎలుకల పిల్ల బయటికొచ్చి, కోతుల రాణీ, నీ తోక కాపాడాను పో అంటుందని, ఎలా అయినా అంటుందని బుపేకి ఎక్కడో ఆశ మిగిలి ఉంది. ఆ తిట్టు కోసం ఆమె ఇంతగా ఎదురుచూసింది లేదు.

తలుపు సగం తెరుచుకుంది. టియామికే మొహంలో నవ్వు లేదు, కోపం లేదు. ఆమె రెండు చేతులూ ముందు కట్టుకుని, కొత్తవాళ్ళతో మాట్లాడినట్టు, ఎంతో మర్యాదగా అంది.

"బుపే గారూ, సార్ మిమ్మల్ని రమ్మంటున్నారు."